పేరు కాదు, చోటు

శనివారం కంపెనీ వ్యాను స్కూలు గేటు ముందు ఆగకముందే కొర్నేలికి తెలుసు, ఆ పిల్ల రాదని. తెలిసినా దిగాడు. వెంట వచ్చిన ఐదుగురూ దిగి ఎవరి పిల్లల దగ్గరికి వాళ్ళు నడిచారు.

వరండాలో జంపఖానా పరిచి ఉంది. జనవరి ఎండ సగం దాకా వచ్చి ఆగింది. ఆ ఎండలోనే అతని పిల్లలు ముగ్గురూ కూర్చుంటారు. ఇవాళ ఇద్దరే ఉన్నారు. మూడో చోటులోకి ఎవరూ జరగలేదు.

"కనకలత రాలేదా?"

"బుధవారం నుంచీ రావట్లేదు అంకుల్," అన్నాడు పిల్లవాడు.

పక్కనున్న పిల్ల గొంతు తగ్గించింది. "వాళ్ళు గావ్ వెళ్ళిపోతున్నారు. రేపు సాయంత్రం ట్రైన్. సామాన్ కూడా కట్టేశారు."

కొర్నేలి ఆ పూట ఇద్దరితోనే కూర్చున్నాడు. లెక్కలు వాళ్ళే చేసుకున్నారు. వాళ్ళు అడిగినదానికి అతను రెండుసార్లు తప్పు జవాబు చెప్పాడు. వెళ్ళేముందు సైన్సు టీచరమ్మ అతన్ని పక్కకి పిలిచింది. సోమవారం పొద్దున ఎనిమిదికి పదో తరగతి సైన్సు ప్రాక్టికల్. బయటి నుంచి ఒకాయన వచ్చి చూస్తాడు. ఆ ఒక్క పూట తప్పితే ఈ ఏడు పోయినట్టే. ఊరెళ్ళిపోయిన పదో తరగతి ఆడపిల్ల మళ్ళీ వచ్చి పరీక్ష రాయడం తన సర్వీసులో చూడలేదని ఆవిడ హిందీలో చెప్పింది. కోపంగా చెప్పలేదు. అందుకే అతనికి కష్టంగా తోచింది.

ఆ పిల్ల రాకపోవడానికి కారణం అతనే.

కొర్నేలికి యాభై దాటింది. తండ్రి డేవిడ్‌రాజ్ భీమిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. కొర్నేలి సెక్టర్ 7 క్వార్టర్లో పుట్టాడు. తండ్రి రిటైరయ్యాక క్వార్టరు వదిలి కోహ్కాలో రెండు గదులు వేసుకున్నారు. ప్లాంటులో ఉద్యోగానికి కొర్నేలి రెండుసార్లు పరీక్ష రాశాడు. రాలేదు. హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాడు. ప్లాంటుకి కావలసిన రోలర్లు, బ్రాకెట్లు పోత పోసి, చెక్కి పంపే కంపెనీ అది. మొదట లేతు మీద చేశాడు. తర్వాత సేఫ్టీ చూసే మనిషి అయ్యాడు.

అలా అవడానికి కారణం నరసింగరావు అనే తోటి పనివాడు. షెడ్డు పై నడవలో ఒక ఇనప పలక బోల్టు ఊడి కదులుతోందని ముగ్గురికి తెలుసు. ముగ్గురూ దాన్ని దాటుకుంటూ వెళ్ళారు. నాలుగో మనిషి నరసింగరావు. నడుము విరిగి ఇప్పటికీ మంచంలోనే ఉన్నాడు. ఆ ముగ్గురిలో కొర్నేలి లేడు. కానీ ఆ రోజు వాళ్ళ మొహాలు చూశాడు. అప్పటినుంచి కళ్ళపడ్డ ప్రతిదీ చెప్పడం మొదలుపెట్టాడు. జట్టువాళ్ళు అతనికి అఖ్‌బార్, అంటే వార్తాపత్రిక, అని పేరు పెట్టారు. "ఏం అఖ్‌బారూ, ఇయాల ఏటి ఛపాయించేవు?" అని పలకరిస్తారు. అతనూ నవ్వుతాడు. చెప్పడం మాత్రం మానడు.

చెప్పడానికి ఒక వేళ ఉంది. పొద్దున ఎనిమిదికి, మెషీన్లు తిప్పకముందు, అందరూ షెడ్డు ముందు వరసగా నిలబడతారు. నిన్న కళ్ళపడ్డ ప్రమాదం ఒక్కొక్కరు ఒకటి చెప్పాలి. దానికొక కట్టుబాటు ఉంది. చోటు చెప్పాలి, పేరు చెప్పకూడదు. ఫలానా మనిషి గ్లౌజు వేసుకోలేదు అనకూడదు, మూడో లేతు దగ్గర గ్లౌజులు లేవు అనాలి. పేరు చెబితే మనిషిని పట్టుకుంటారు, చోటు అలాగే మిగిలిపోతుంది. కొత్తగా చేరిన వాళ్ళకి ఈ మాట నేర్పేది కొర్నేలే.

రెండేళ్ళ కిందట కంపెనీ ఇంకో పని పెట్టింది. ఇష్టమైనవాళ్ళు శనివారం రెండు గంటలు కోహ్కా సర్కారు స్కూలుకి వెళ్ళి పిల్లలతో కూర్చోవచ్చు. ఆ రెండు గంటలకీ జీతం ఉంటుంది. మెషీను మీద ఇంకొకరిని పెడతారు. వ్యాను కంపెనీదే, టీ కంపెనీదే. మొదటిరోజు రాయపూర్ నుంచి ఒక అమ్మాయి వచ్చి వీళ్ళకి పద్ధతి చెప్పింది. పాఠాలు చెప్పొద్దు, టీచర్లున్నారు. పక్కన కూర్చోండి. పిల్లలు చెప్పేది వినండి. అంతే.

కొర్నేలికి అది మొదట చేతకాలేదు. నెమ్మదిగా వచ్చింది. కనకలత మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. పదిహేనేళ్ళ పిల్ల, హిందీలోనే ఆలోచిస్తుంది, అమ్మతో తప్ప తెలుగు మాట్లాడదు. భిన్నాలంటే భయం, ప్రయోగాలంటే ఇష్టం. తండ్రి లారీ మీద వెళ్ళి నాగపూర్ వైపు ఉండిపోయాడు. తల్లి పైడమ్మ కొర్నేలి కంపెనీలోనే, బలరాం అనే కాంట్రాక్టరు కింద, పోత పోసిన కాస్టింగులకి ఇసుక దులిపి అంచులు గీకే పని చేస్తుంది. అలాంటి ఆడవాళ్ళు అక్కడ ఎనిమిదిమంది.

కిందటి శనివారం కనకలత కుడిచెయ్యి ఒళ్ళో దాచుకుని కూర్చుంది. ఏమిటని అతను అడగలేదు. చాలాసేపటికి తనే చూపించింది. అరచేయి నిండా బొబ్బ.

"మమ్మీకి బుఖార్ వచ్చింది అంకుల్. ఒక్కరోజు మానేస్తే బలరాం సేఠ్ వేరేవాళ్ళని పెట్టేసుకుంటాడు. నేను మమ్మీ చీర కట్టుకుని, మొహానికి గుడ్డ చుట్టుకుని వెళ్ళాను. ఎవరికీ తెలీలేదు."

"మరి చెయ్యి?"

"అది నల్లగా ఉంది. చల్లారిపోయిందనుకున్నా."

ఇనుము ఎర్రదనం పోయాక కూడా చాలాసేపు కాలుస్తుంది. ఆ సంగతి షెడ్డులో పనిచేసేవాళ్ళకి తెలుసు. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

"మీరు ఎవరితో అనరు కదా?"

"అనను," అన్నాడు కొర్నేలి. ఇంటికి వెళ్ళి, ప్రైవేటు ఆసుపత్రిలో కట్లు కట్టే పని చేసే భార్య వెరోనికాని అడిగి మందు పంపించాడు. అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది.

మంగళవారం పొద్దుటి మీటింగుకి పెద్దాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన, ఒకావిడ. స్కూలు పని ఎలా సాగుతోందో చూడటానికి వచ్చారు. మేనేజరు రమాకాంత్ కొర్నేలి భుజం మీద చెయ్యి వేసి ముందుకి తెచ్చాడు. అంతకుముందు అతను ఎవరినీ అలా ముందుకి తేలేదు.

"మా కొర్నేలి. ఒక్క శనివారం కూడా మానలేదు. చెప్పు కొర్నేలి, నీ పిల్లల గురించి."

కొర్నేలి చెప్పాడు. బాగానే చెప్పాడు. కనకలత అనే పిల్ల ఒకప్పుడు తలెత్తేది కాదని, ఇప్పుడు ఎవరికీ చెప్పనివి కూడా తనకి చెబుతుందని అన్నాడు. ఏం చెప్పింది అని ఆవిడ అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అందరూ అతని వైపే చూస్తున్నారు. ఆ క్షణాన అతనికి రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. ఇది ప్రమాదం, ప్రమాదం చెప్పాలి. ఆ పిల్ల నన్ను ఎంత నమ్మిందో వీళ్ళకి తెలియాలి. రెండో ఆలోచనే నోరు తెరిపించింది. పిల్ల పేరు చెప్పాడు. తల్లి పేరు చెప్పాడు. చీర, మొహానికి గుడ్డ, అరచేతిలో బొబ్బ, అన్నీ చెప్పాడు.

చెప్పడం అయింది. వెనక నిలబడ్డ బలరాం టీ గ్లాసు కింద పెట్టాడు.

బుధవారం పొద్దున ఎనిమిదిమంది ఆడవాళ్ళనీ గేటు దగ్గరే ఆపేశారు. విచారణ అయ్యేదాకా వద్దన్నారు. ఎందుకని వాళ్ళు బలరాంని అడిగారు. పైడమ్మ కూతురు కంపెనీకి ఫిర్యాదు చేసిందని అతను చెప్పాడు. ఈ సంగతి కొర్నేలికి గురువారం తెలిసింది. ఆఫీసుకి వెళ్ళి అడిగితే చూస్తున్నాం అన్నారు. శుక్రవారం మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అదే అన్నారు.

శనివారం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. వెరోనికా పులుసు పోసి ఎదురుగా కూర్చుంది.

"ఎలిపోతన్నారా ఆళ్ళు?"

"రేపు బండికి."

"మిమ్మల్ని వినమన్నారు. విన్నారు. విన్నాక నోరు ఎక్కడ పెట్టుకోవాలో ఆ రాయపూర్ పిల్ల చెప్పలేదేటి?"

అతను చెయ్యి కడుక్కున్నాడు.

"తినకుండా లేస్తే ఆ బండి ఆగుద్దా?" అంది వెరోనికా. అంటూనే చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

పైడమ్మ అద్దె గది కోహ్కా చివర, రేకుల వరసలో ఉంది. తలుపు తీసే ఉంది. రెండు మూటలు, ఒక ఇనప పెట్టె, గోనెసంచిలో స్టవ్. గోడ మీద దేవుడి పటాలు తీసేసిన చోట తెల్లటి నలుచదరాలు. పైడమ్మ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"ఎందుకొచ్చేవు?"

"పిల్లతో మాట్లాడాలి, పైడమ్మా."

"మాట్లాడేవు కదేటి. నీతో మాట్లాడీ కదా దీనికీ గతి."

"సోమవారం పరీక్ష ఉంది. అదొక్కటీ అయ్యాక వెళ్ళండి."

"పరీచ్చలు రాసీసి ఏ ఊరు ఏలాలి?" అంది పైడమ్మ. గొంతు దించింది. "తిండి సంగతి సూసుకుంతాను. పస్తులు కొత్తేటి. కుళాయికాడ బిందె ఎట్టనివ్వట్లేదు. ఏడుగురి పొట్ట కొట్టిందంట నా గుంట. రిపోర్టర్ దీదీ వచ్చింది, మొహాలు కప్పుకోండే అని దాని ఎదురుగానే అంతన్నారు. అప్పుట్నుంచి అది ఇల్లు దాటలేదు. ఈ మాటలు పడుతూ ఇక్కడుండి అదేటి సదువుద్ది?"

లోపల కర్టెను కదిలింది. కనకలత బయటికి రాలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"మమ్మీ, బస్ కరో, ఇంక చాలు." ఆ వెంటనే అంది. "అంకుల్, మీరు ఎవరితో అనను అన్నారు."

కొర్నేలి దగ్గర ఒక జవాబు ఉంది. స్కూల్లో ఎవరితోనూ అననని అనుకున్నాను, కంపెనీ వేరు అనుకున్నాను. మంగళవారం నుంచి అదే జవాబు తనకి తను చెప్పుకుంటున్నాడు. అక్కడ నిలబడి విన్నాక అది జవాబు కాదని తెలిసింది. 

"కుళాయి దగ్గరి వాళ్ళతో నేను చెప్తాను," అన్నాడు పైడమ్మతో. "చెప్పింది నేను, పిల్ల కాదు అని."

"సెప్పు. రేపు పొద్దున నీళ్ళొచ్చీటప్పుడు అందరూ ఉంతారు. పెద్దోళ్ళ ముందర మా సక్కగా సెప్పేవంట కదా. ఈళ్ళ ముందర సెప్పు, సూత్తాను."

తలుపు వేసేసింది.

సాయంత్రం రమాకాంత్ ఇంటికి వెళ్ళాడు. మేనేజరు మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. పైపు పక్కన పడేసి కుర్చీ చూపించాడు. కొర్నేలి కూర్చోలేదు. ఆడవాళ్ళని పనిలోకి రానిమ్మని అడిగాడు.

"విన్నదాన్ని వినలేదని ఎలా అనమంటావు?" అన్నాడు రమాకాంత్. "వాళ్ళిద్దరూ పక్కనే ఉన్నారు. చిన్నపిల్లని పనిలోకి రానిచ్చిన కాంట్రాక్టర్ని వదిలెయ్యమంటావా?"

"ఆగింది కాంట్రాక్టరు కాదు సర్. బలరాంకి ఇంకో రెండు చోట్ల పని నడుస్తోంది. ఇంట్లో కూర్చున్నది ఆడవాళ్ళు."

రమాకాంత్ కుండీలోంచి ఒక ఎండుటాకు తీసి పడేశాడు.

"ఆ పిల్ల ఎందుకొచ్చిందో నేను చెప్పలేదు సర్. ఎవరొచ్చారో చెప్పాను. జ్వరమొచ్చి ఒకరోజు మానేస్తే అక్కడ మనిషికి చోటు పోతుంది. ప్రమాదం అదీ."

"నువ్వే కదా అందరికీ నేర్పుతావు. పేరు చెప్పొద్దని."

"నేనే."

రమాకాంత్ వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాడు. "సోమవారం మీటింగుకి బలరాం ఉంటాడు. అతని ముందు చెప్పు. ఆ ఆడవాళ్ళనీ గేటు దగ్గరికి రమ్మను. చోటు బాగుచేస్తానని వాడు అందరి ముందూ ఒప్పుకుంటే నేను గేటు తీయిస్తా. ఒప్పుకోకపోతే నా చేతిలో లేదు."

"ఎనిమిదికే ఆ పిల్ల పరీక్ష సర్. నేను స్కూలు దగ్గర ఉందామనుకున్నాను."

"రెండింట్లో ఒకటి చూసుకో."

కొర్నేలి తల ఊపాడు. వెళ్ళబోతుంటే రమాకాంత్ మళ్ళీ పిలిచాడు. చెప్పడానికి అతనికీ ఇబ్బందిగానే ఉంది.

"శనివారాలు ఇంక నిన్ను పంపలేను, కొర్నేలి. పిల్ల నమ్మి చెప్పింది బయటపెట్టిన మనిషిని పంపితే స్కూలుకి ఏం మొహం చూపించాలి? హార్వేని పంపుతా."

హార్వే కిందటేడు చేరిన కుర్రవాడు. ఎవరైనా ఏదైనా అడిగితే తప్ప మాట్లాడడు. సరే సర్, అన్నాడు కొర్నేలి.

ఆదివారం చర్చికి వెళ్ళే బట్టలతోనే కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఇరవైమంది దాకా ఉన్నారు. బిందెలు వరసలో ఉన్నాయి. ఆ వరసకి దూరంగా, గోడవార, పైడమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏటి మాస్టారూ, ప్రార్థనకెల్తూ దారి తప్పేరా?" అంది ఒకామె. కొందరు నవ్వారు.

పనిపోయిన వాళ్ళలో అందరికన్నా పెద్దది నూకాలమ్మ. కొర్నేలి ఆమె వైపు తిరిగాడు. గొంతు ఎలా ఎత్తాలో తెలియలేదు. ప్రతి పొద్దునా యాభైమంది ముందు మాట్లాడే మనిషి.

"పైడమ్మ కూతురు ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యి కాలిందని నన్ను నమ్మి నాతో చెప్పుకుంది. ఎవరితోనూ అనొద్దంది. నేను అనను అన్నాను. మంగళవారం పెద్దోళ్ళొచ్చారు. వాళ్ళ ముందు గొప్పకి చెప్పేశాను."

కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ తియ్యలేదు.

"గొప్పకి," అంది ఇందాక నవ్వించిన ఆమె. నిండిన బిందె ఎత్తింది. తొందర లేకుండా అతని చెప్పుల మీద వంచింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కొర్నేలి కాళ్ళు జరపలేదు.

"నీళ్ళు పాడు సెయ్యకే," అంది నూకాలమ్మ. తర్వాత అతన్ని అడిగింది. "మరి మా కూలి? నువ్విస్తావేటి?"

"ఇవ్వలేను. రేపు ఎనిమిదికి గేటు దగ్గరికి రండి. బలరాం ముందు మాట్లాడతాను. పని వస్తుందని చెప్పలేను. రండి."

"ఇదీ గొప్పకేనా?"

"కాదు."

నూకాలమ్మ అతన్ని కాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. గోడవైపు తిరిగి కేకేసింది. "ఒలే పైడీ. అక్కడేటి సేత్తన్నావు? ఇలగొచ్చి బిందె ఎట్టు."

పైడమ్మ వచ్చింది. ఎవరూ జరగమనకుండానే జరిగారు. బిందె నిండేదాకా తల ఎత్తలేదు. నిండాక ఎత్తుకుని, కొర్నేలి పక్క నుంచే, అతన్ని చూడకుండా వెళ్ళిపోయింది. బండి మాట అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

చర్చిలో తడి చెప్పులు బయట విడిచి వెనక వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు ఏం చెప్పారో ఒక్క మాట చెవిన పడలేదు. సాయంత్రం బండి వేళ దగ్గరపడుతుంటే రెండుసార్లు లేచి చొక్కా వేసుకున్నాడు. రెండుసార్లూ విప్పాడు.

"స్టేషనుకెల్లి ఏటి చేస్తారు?" అంది వెరోనికా. "పెట్టె పట్టుకుని లాగుతారా?"

బండి వెళ్ళే వేళ దాటిపోయింది.

సోమవారం పొగమంచు ఇంకా లేవలేదు. గేటు బయట ఆడవాళ్ళు నిలబడ్డారు. మొహాలకి గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. కొర్నేలి ఒక్కొక్కరినీ నడుము తీరు, నిలబడ్డ తీరు చూసి పోల్చుకున్నాడు. నూకాలమ్మ ఉంది. నీళ్ళు వంచిన ఆమె ఉంది. ఏడుగురే ఉన్నారు. పైడమ్మ లేదు.

స్కూలు దగ్గర ఉందా, బండెక్కిందా? తెలుసుకునే దారి లేదు. వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఒక్కొక్కరూ చెబుతున్నారు. క్రేను హుక్కు చిలుము. వెల్డింగు దగ్గర తీగ చీలింది. బలరాం చేతులు కట్టుకుని చివర నిలబడ్డాడు. నాలుగు రోజులుగా దులపకుండా పడి ఉన్న కాస్టింగులు, వాటి మీద తెల్లవారుజామున పోత పోసినవి, అతని వెనక గుట్టగా ఉన్నాయి. అవి ఈ వారం ప్లాంటుకి చేరకపోతే బిల్లు ఆగుతుందని అతనికీ తెలుసు.

"కొర్నేలి," అన్నాడు రమాకాంత్.

"అంచులు గీకే షెడ్డు," అన్నాడు కొర్నేలి. "వేడివీ చల్లారినవీ ఒకే గుట్టలో వేస్తున్నారు. నల్లగా ఉన్నది చూసి చల్లారిందనుకుని పట్టుకుంటారు. అది ఒకటి."

"ఒకటే చెప్పాలి," అన్నాడు వెనక ఎవరో.

"రెండోది కూడా అదే చోటు. అక్కడ మనిషికి జ్వరమొస్తే ఇంట్లో ఉండటానికి లేదు. ఒక్కరోజు మానితే చోటు ఇంకొకరికి పోతుంది. అందుకని జ్వరంతోనే వస్తారు. లేకపోతే పని తెలియనివాళ్ళని పంపిస్తారు. మొహానికి గుడ్డ ఉంటే ఎవరొచ్చారో మనకి తెలియదు. ఇవాళ కాకపోతే రేపు మళ్ళీ వస్తారు."

బలరాం నవ్వాడు. "యే సేఫ్టీ హై క్యా? ఇదేం సేఫ్టీ? నా లేబర్‌ని నేను ఎలా పెట్టుకోవాలో అఖ్‌బార్ చెప్తాడా?"

ఎవరూ నవ్వలేదు. కొర్నేలికి ఇంకో మాట మిగిలి ఉంది. అది చెబితే బలరాంతో జన్మవైరం.

"చెయ్యి కాలినవాళ్ళు ఫిర్యాదు చెయ్యలేదు, బలరాం భాయ్. చేశారని ఎవరో బస్తీలో చెప్పారు. అది ఆపాలి."

"ఎవరో అంటే ఎవరు? పేరు చెప్పు."

"ఇక్కడ పేరు చెప్పం."

రమాకాంత్ బలరాం వైపు తిరిగాడు. "వేడివి వేరే వెయ్యాలి. జ్వరమొచ్చిన మనిషికి చోటు ఉంచాలి. అవునా, కాదా? ఇప్పుడే చెప్పు."

బలరాం గేటు వైపు చూశాడు. గుట్ట వైపు చూశాడు. వరసలో నిలబడ్డ యాభైమందినీ చూశాడు. "దో దిన్," అన్నాడు. "రెండు రోజులు ఉంచుతా. మూడో రోజు నాకు మనిషి కావాలి."

"మూడు," అన్నాడు రమాకాంత్.

బలరాం భుజాలు ఎగరేశాడు. దాన్ని ఒప్పుకోలుగానే తీసుకున్నారు. వాచ్‌మన్ గేటు తీశాడు. ఏడుగురూ లోపలికి వచ్చారు. ఎవరూ కొర్నేలికి దండం పెట్టలేదు. నీళ్ళు వంచిన ఆమె వెళుతూ అతని చెప్పులు చూసింది. "ఎండిపోనాయా మాస్టారూ?" అంది.

మెషీన్లు తిరగడం మొదలైంది. కొర్నేలి తన చోటికి వెళ్ళలేదు. గేటు దగ్గరే ఉండిపోయాడు. రోడ్డు మీద షేర్ ఆటోలు వస్తున్నాయి, ఆగుతున్నాయి, పోతున్నాయి. ఒక దాంట్లోంచి ఎవరూ దిగలేదు. ఇంకో దాంట్లోంచి ఇద్దరు మగవాళ్ళు దిగారు. వాచ్‌మన్ గేటు మూయబోయాడు. "కాసేపు," అన్నాడు కొర్నేలి. వాచ్‌మన్ మరో బీడీ వెలిగించాడు. బీడీ అయిపోయింది. గేటు సగం మూశాడు.

అప్పుడొక ఆటో మలుపు దాటి వచ్చింది. అది పూర్తిగా ఆగకముందే ఒకామె దిగింది. పైడమ్మ.

వగరుస్తూ వచ్చి వాచ్‌మన్‌తోనే మాట్లాడింది. "ఆలీసం అయిపోనాది బావూ. కోహ్కాలో ఆటో దొరకలేదు. రానిస్తారా?"

వాచ్‌మన్ కొర్నేలిని చూశాడు. కొర్నేలి తల ఊపాడు. అడగాలనుకున్న మాట నాలుక చివర ఉంది. అడగలేదు.

పైడమ్మ గేటు దాటింది. నాలుగడుగులు వేసి ఆగింది. అతని వైపు తిరగకుండా, మొహానికి గుడ్డ చుట్టుకుంటూ చెప్పింది.

"గుంటని స్కూల్లో దింపీసి వత్తన్నాను. గాజు గొట్టం ఎడం సేత్తో పట్టుకుంతానంది. ఏటి సేత్తాదో నాకేటి తెలుసు. లోపలికైతే ఎల్లింది."

"సరే," అన్నాడు కొర్నేలి.

"శనోరం నిన్ను రావద్దంది."

"రాను. హార్వే వస్తాడు."

"ఆ గుంటడికి నోరు తక్కువేనా?"

"చాలా తక్కువ."

పైడమ్మ గుడ్డ ముడి బిగించింది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళలో క్షమించినట్టు ఏమీ లేదు. గుట్ట వైపు నడిచి నూకాలమ్మ పక్కన కూర్చుంది.

పరీక్ష పదిన్నర దాకా అవదు. కొర్నేలి రెండు తొట్లు తెప్పించాడు. సుద్దతో ఒకదాని మీద వేడి అని, ఇంకొకదాని మీద చల్లనివి అని హిందీలోనూ తెలుగులోనూ రాశాడు. తర్వాత గ్లౌజులు తొడుక్కుని, గుట్టలోంచి ఒక్కొక్క కాస్టింగూ తీసి, దూరంగా అరచేయి పెట్టి చూసి, వేరు చెయ్యడం మొదలుపెట్టాడు.